గోళ్ల పద్దు

తాడు మీద నా బరువు వేసే ముందు
గున్‌వోర్ ముడిని ఒకసారి పళ్లతో బిగించింది.
డెబ్భై తొమ్మిదేళ్ల పళ్లు.
నమ్మి ఎక్కాను.

హెల్గెలాండ్ తీరంలో జూన్ నెలకి రాత్రి ఉండదు.
పదకొండు గంటల ఎండ
రాతి పగుళ్లలో ఉప్పులా మెరుస్తోంది.
పైన, కొండ గట్టు మీద,
ఇద్దరు పడుకునేంత గూడు:
పుల్లలు, ఎండిన సముద్రపు నాచు, గొర్రె ఉన్ని,
ఎవరి పడవదో నీలం వల ముక్క,
సగం తిన్న చేప, మిగతా సగం వాసన.

తల్లి, తెల్లతోక గద్ద,
నా నెత్తి మీద తిరుగుతూ
కుక్కపిల్లలా మొరుగుతోంది.
అంత రెక్కలకి ఇంత గొంతు
ఎవరు కుట్టారో.

పిల్లకి ఆరు వారాలు.
నన్ను చూడగానే వెల్లకిలా పడి
రెండు కాళ్లూ నా ముఖం మీదికి చాచింది.
రా, చూద్దాం.
పాత మేజోడు కత్తిరించి కుట్టిన టోపీ తలకి తొడిగాను.
పొద్దు గూకిందనుకుంది కాబోలు,
పుట్టాక మొదటిసారి.
సద్దుమణిగింది.

సంచిలో పెట్టి కిందికి దించాను.
గున్‌వోర్ ఒళ్లోకి తీసుకుంది.
రెండు కాళ్లూ ఒక్క గుప్పిట్లో,
గోళ్లు లోపలికి మడిచి.
ఎవరూ నేర్పలేదు. నేను అసలే నేర్పలేదు.

రెక్క మడతలో నరం వెతికాను,
దారమంత, నీలంగా.
రెండు మిల్లీలీటర్లు.
వీపు మీంచి మూడు ఈకలు.
కవరు మీద తేదీ, గూటి నంబరు.

ఈక పెరిగినన్నాళ్లూ రాసుకుంటూనే ఉంటుంది
ఏ వారం ఏ చేప,
ఆ చేపలో ఎంత పాదరసం.
రక్తానికి అంత ఓపిక లేదు,
మొన్నటి ముచ్చటే చెబుతుంది.
పెనానికి అట్టు అంటకూడదని పూసింది,
కోటుకి వాన అంటకూడదని పూసింది,
స్కీ చెక్కలకి మంచు అంటకూడదని రుద్దింది,
ఏదీ దేనికీ అంటకూడదని మనం వండుకున్నవన్నీ
వచ్చి వచ్చి
అట్టు ముఖం ఎరగని ఈ పిల్లకి అంటుకున్నాయి.

"మా నాన్నా పట్టుకెళ్లేవాడు," అంది గున్‌వోర్,
పిల్ల మీంచి చూపు తిప్పకుండా.
"జతల లెక్కన. కాళ్లు.
ఉప్పు రాసి, గోనెలో చుట్టి,
లెన్స్‌మన్ బల్ల మీద గుమ్మరించేవాడు.
సర్కారు మనిషి కదా, రెండుసార్లు లెక్కపెట్టేవాడు.
జతకింతని ఇచ్చేవాడు.
గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయని అప్పట్లో కోపం.
ఒక ఏడాది ఆ డబ్బుతో నాకు బూట్లు కొన్నారు.
ఎర్రవి.
కాళ్లకి కాళ్లు, అని మా అన్న నవ్వేవాడు."

సూది గుచ్చిన చోట దూది ఒక నిమిషం నొక్కాలి.
నొక్కాను.
ఆ నిమిషం ఎంతకీ తెమల్లేదు.

"ఇప్పుడెవరు లెక్కపెడతారు?"
ట్రోమ్సోలో ల్యాబ్ ఉందన్నాను.
రెండేళ్లకి ఒక గ్రాఫు వస్తుంది,
అందులో ఈ పిల్ల ఒక చుక్క.
"చుక్కా," అంది.
మాట నచ్చినట్టు లేదు.

తరువాత, పిల్లని నాకిచ్చి,
స్వెట్టరు చెయ్యి మోచేతి పైకి లాగి
ముంజేయి నా ముందు పెట్టింది.
"అదే నీళ్లు, అదే చేప.
అది ఆరు వారాలు తింటే నేను ఎన్నేళ్లు తిన్నాను?
నాదీ తియ్యి."

నాకు అనుమతి గద్దలకేనన్నాను.
పగలబడి నవ్వింది.
నవ్వుతూనే చెయ్యి కాసేపు అలాగే ఉంచింది,
నీలం నరం, దారం కన్నా లావు.
నా దగ్గర ఇంకో సూది ఉంది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పిల్లని గూట్లో దించి టోపీ తీశాను.
తెల్లారింది దానికి.
ముక్కుతో నా చేతిగుడ్డ చింపి
తన వాటా తాను తీసుకుంది.

పడవలో నోటుపుస్తకం తెరిస్తే
నా అంకెల కింద, బరువు, రెక్క కొలత కింద,
బడి పిల్లలా గుండ్రటి అక్షరాల్లో
ఒక కొత్త పద్దు:
కాళ్లు, రెండు. తిరిగి ఇచ్చేశాం.

ల్యాబ్ వాళ్ల పట్టికలో అలాంటి గడి లేదు.
కొట్టెయ్యలేదు.